నల్లగులాబి గాయకుడు: ఫిలిప్ లైనట్

ఐర్లాండు రాజధానియగు డబ్లిన్ నగరమున గ్రాఫ్టన్ వీధి యని సుప్రసిద్ధమైన వీధి యొకటి కలదు. అంగళ్లతోను, బాటసారులతోను, త్రోవప్రక్కన నిలిచి పాడి పొట్టపోసికొను గాయకులతోను అది యెల్లప్పుడు క్రిక్కిరిసి యుండును. ఆ వీధినుండి చీలిన హ్యారీ వీధిలో, ఎత్తైన పీఠమేదియు లేక, జనులతో కలిసి నిలిచినట్లున్న కంచువిగ్రహ మొకటి కనబడును. సన్నని పొడుగైన దేహము, ఒత్తుగా చుట్టలు తిరిగిన జుట్టు, ప్రక్కన పట్టుకొనిన గిటారు. దానిని 2005వ సంవత్సరము ఆగష్టు 19వ తేదీన ఆవిష్కరించిరి. ఆ మనుష్యుడు మరణించి అప్పటికే పందొమ్మిది సంవత్సరములు గడచినవి. అతని తల్లి మాత్రము ఆ సభలో నుండెను. ఈనాటికిని అభిమానులు అచటికి వచ్చి, గిటారు మీటెడు బిళ్లలను విగ్రహపు తీగెల సందున దూర్చి పోవుచుందురు.

డబ్లిన్ నగరమున జేమ్స్ జాయిస్‌కు విగ్రహము కలదు; ఆస్కర్ వైల్డ్‌కును కలదు. రచయితలను గౌరవించుట ఆ నగరమునకు పరిపాటి. కాని ఈ విగ్రహము బ్రదికియున్నంతకాలము పెద్దల మెప్పును అంతగా పొందని రాక్ సంగీతకారునిది. అందులోను, తెల్లవారి నగరమున నల్లనివాడై పెరిగిన వానిది. అతని పేరు ఫిలిప్ పారిస్ లైనట్. అతడు నడపిన వాద్యబృందము పేరు థిన్ లిజీ.

ఐర్లాండు మన తెలుగువారికి కేవలము అపరిచితమైన దేశము కాదు. వరాహగిరి వేంకటగిరిగారు 1913 మొదలు 1916 వఱకు డబ్లిన్‌లోనే న్యాయశాస్త్రము చదివిరి. అచటి స్వాతంత్ర్యోద్యమపు వేడి వారిని సోకినది. ఆ తిరుగుబాటు గూర్చి మన పెద్దలు ఆనాడు ఆసక్తితో చదివియుండిరి. ఆ దేశపు సంగీతము మాత్రము మనవఱకు అంతగా రాలేదు. కావున ఈ జీవితకథను కొంచెము మొదటినుండి చెప్పవలసియున్నది.

ఫిలిప్ 1949వ సంవత్సరము ఆగష్టు 20వ తేదీన ఇంగ్లండులోని వెస్ట్ బ్రామిచ్ అను పట్టణమున జన్మించెను. తల్లి ఫిలోమినా డబ్లిన్ నగరమునుండి పని వెదకికొనుచు వచ్చిన యువతి. అప్పటికి ఆమెకు ఇంకను పందొమ్మిదేండ్లు నిండలేదు. తండ్రి సెసిల్ పారిస్ దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానానుండి వచ్చినవాడు, నల్లనివాడు. వారికి వివాహము జరుగలేదు. పెండ్లికాని తెల్లని కన్య నల్లని బిడ్డను ఎత్తుకొని వీధిలో నడచుట ఆనాటి ఇంగ్లండులో ఎంతటి అవమానములకు గురియగుటయో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఐర్లాండులో అంతకంటెను కష్టము. అయినను ఆమె బిడ్డను విడువలేదు. పిల్లవాడు కొంత యెదిగిన తరువాత డబ్లిన్‌లోని క్రమ్లిన్ అను పేటలో నున్న తన తల్లిదండ్రుల యింటికి పంపి, తాను ఇంగ్లండులోనే యుండి జీవనము సాగించెను. తరువాత మాంచెస్టరులో ఆమె నడపిన పూటకూటి హోటలు నాటకపువారికి, పాటకులకు విడిదియైనది. కుమారుడు తన మొదటి ఆల్బములోనే ఆ హోటలుమీద ఒక పాట కట్టినాడు.

క్రమ్లిన్ కూలినాలి చేసికొను కుటుంబముల పేట. అచట ఫిలిప్‌ను పెంచినది అమ్మమ్మ సారా. ఆమె పేరు పాఠకులు గుర్తుంచుకొందురు గాక. కథలో ఇది మరల వచ్చును. క్రిస్టియన్ బ్రదర్స్ వారి పాఠశాలలో అంతమంది పిల్లలలో నల్లనివాడు ఇతడొక్కడే. ఇట్టి పిల్లవాడు మూలనుండి ముడుచుకొనిపోవుటయో, అందఱికంటె ముందు నిలిచి తానే పేరు తెచ్చికొనుటయో జరుగును. ఫిలిప్ రెండవ త్రోవ పట్టెను. ఇంట మేనమామ కొనియుంచిన రికార్డులను పదేపదే విని, అమెరికా నల్లవారి మోటౌన్ పాటలను కంఠస్థము చేసెను. పదునాఱవ యేడు రాకమునుపే బ్లాక్ ఈగిల్స్ అను బాలుర బృందమున పాటగాడయ్యెను. అదే పాఠశాలలో చదివిన బ్రయన్ డౌనీ అను కుఱ్ఱవాడు అందు డ్రమ్ములు వాయించుటకు చేరెను. తరువాత వచ్చిన గిటారుకారులు ఎందఱో పోయిరి కాని, డౌనీ మాత్రము కడదాక థిన్ లిజీని వీడలేదు.

1960 దశకపు చివర బ్రష్ షీల్స్ అను సంగీతకారుడు తన స్కిడ్ రో బృందములోనికి ఫిలిప్‌ను గాయకునిగా తీసికొనెను. గ్యారీ మూర్ అను బెల్‌ఫాస్ట్ బాలుడును, ఇంకను మీసకట్టు రానివాడు, ఆ బృందమున గిటారు వాయించుచుండెను. 1969లో ఫిలిప్ గొంతులోని టాన్సిల్స్‌కు శస్త్రచికిత్స చేయించుకొనెను. ఆ సమయముననే షీల్స్ అతనిని బృందమునుండి తొలగించెను. అయితే తొలగించినవాడే మనసు నొచ్చుకొని అతనికి బేస్ గిటారు నేర్పెను. ఒక వాద్యమును అమ్మను గూడ అమ్మెను. నాలుగు తీగెలుగల ఈ గిటారు మంద్రస్థాయిలో పలికి పాటకు పునాదివలె నిలుచును. ఆ వాద్యము షీల్స్ చేతికి రాకమునుపు రాబర్ట్ బల్లా అను వానిది. బల్లా సంగీతము మానుకొని చిత్రకారుడయ్యెను. కాలక్రమమున ఐర్లాండు ప్రభుత్వపు నోట్లకు బొమ్మలు గీయువాడయ్యెను. ఒక తొలగింపు, ఒక జాలి, ఒక పాత గిటారు; ఈ మూడును లేనిచో ఫిలిప్ కేవలము పాటగాడుగా మిగిలియుండెడివాడేమో.

1969వ సంవత్సరము ముగియునప్పటికి డౌనీ, ఫిలిప్, బెల్‌ఫాస్ట్‌నుండి వచ్చిన ఎరిక్ బెల్ అను గిటారుకారుడు, ఎరిక్ రిక్సన్ అను వాద్యకారుడు కలిసి కొత్త బృందమును స్థాపించిరి. రిక్సన్ త్వరలోనే వెడలిపోయెను, మువ్వురు మిగిలిరి. పేరు పెట్టిన కథ వినోదకరము. ‘డాండీ’ యను పిల్లల బొమ్మల పత్రికలో టిన్ లిజీ యను ఇనుప యంత్రపు బొమ్మ యుండెడిది. డబ్లిన్ వాసుల యాసలో ‘థ’ అను ధ్వని ‘ట’ గానే పలుకును. కావున వీరు కావలెనని ‘థిన్’ అని వ్రాసిరి. ఊరివారు ఎట్లును ‘టిన్’ అనియే పిలుతురు గదా యని! బయటివారికి ఒక పేరు, ఇంటివారికి ఒక పేరు.

మొదటి ఆల్బము 1971లోను, రెండవది 1972లోను, మూడవది 1973లోను డెక్కా సంస్థవారు విడుదల చేసిరి. ఈ మూడింటిని వినినవారికి తరువాతి థిన్ లిజీ ఇందేమాత్రము కనబడదని తోచవచ్చును. జానపద గేయచ్ఛాయలు, బ్లూస్, ఐర్లాండు చరిత్రమీది పలవరింతలు, నిలుకడలేని ప్రయోగములు. రెండవ ఆల్బములో తన్ను పెంచిన అమ్మమ్మపై ‘సారా’ యను చిన్నపాట కలదు. జనాదరణ లేదు, చేతిలో డబ్బు లేదు. కూటికొఱకు వీరు ఒకప్పుడు తమ పేరు పెట్టుకొనకయే డీప్ పర్పుల్ అను ప్రసిద్ధ బృందపు పాటలను వాయించి చవుక రికార్డునకు ఇచ్చిరి. దానికి మఱియొక గాయకుని తెచ్చిరి. ఫిలిప్ అందు పాడలేదు.

ఇంతలో అనుకోని సంఘటన జరిగినది. 1972లో లండనులో సాధన చేయుచు, ఫిలిప్ వేడుకకై ఊరి జానపద గీతములు పాడుచుండెను. వానిలో ‘విస్కీ ఇన్ ది జార్’ ఒకటి. దారికొట్టు దొంగ యొకడు తన ప్రియురాలి ద్రోహమువలన పట్టుబడిన కథ యది. ఐర్లాండులో తాగుబోతుమొదలు బడిపిల్లవానివఱకు అందఱికి నోటికి వచ్చినది. వారి మేనేజరు దానిని విని, రికార్డు చేయుడని పట్టుపట్టెను. వీరు మాత్రము తమ సొంత రచనయగు ‘బ్లాక్ బాయ్స్ ఆన్ ది కార్నర్’ ముందు వైపున రావలెనని కోరిరి. డెక్కావారు వినలేదు. జానపదగీతము ముందు, నల్లపిల్లల పాట వెనుక. 1973 ప్రారంభమున ఆ రికార్డు ఇంగ్లండు పట్టికలో ఆఱవ స్థానమునకు పోయెను. ఆ పాటకు ముందు ఎరిక్ బెల్ కట్టిన గిటారు పల్లవి, వినినవారిని ఇప్పటికిని వదలదు. పాతికేండ్ల తరువాత, 1998లో, అమెరికా హెవీ మెటల్ బృందము మెటాలికా ఆ బాణీనే అనుసరించి ఆ పాటను మరల రికార్డు చేసి, 2000లో గ్రామీ బహుమానము పొందెను.

విజయముతోపాటు చిక్కు వచ్చినది. జనులు వీరిని జానపదగీతముల వారిగా భావించిరి; మఱల అట్టిదే కావలెననిరి. ఇది వారికి మింగుడుపడలేదు. 1973 డిసెంబరు 31వ రాత్రి బెల్‌ఫాస్ట్‌లో వాయించుచు, అలసటచేతను మద్యముచేతను చితికిపోయిన ఎరిక్ బెల్, గిటారును పైకి విసరి, వేదికదిగి వెడలిపోయెను. గ్యారీ మూర్ వచ్చి కొన్ని నెలలు నిలబెట్టి, తానును పోయెను. బృందము అక్కడనే ముగిసియుండవలసినది.

1974లో ఫిలిప్ చేసిన నిర్ణయము ఈ కథకు ఆయువుపట్టు. ఒకరికి బదులు ఇద్దఱు గిటారుకారులను తీసికొనెను. ఒకడు అలిగి పోయినను మఱియొకడు మిగులునని యతని లెక్క యని చెప్పుదురు. ఒకరు కాలిఫోర్నియావాడగు స్కాట్ గొరమ్, రెండవవాడు పదునెనిమిదేండ్ల స్కాట్లండు కుఱ్ఱవాడు బ్రయన్ రాబర్ట్‌సన్. ఇట్లు జాగ్రత్తకై పుట్టిన ఏర్పాటులోనుండి ఒక సంగీతవిశేష మవతరించినది.

దీనిని మన పరిభాషలో ఇట్లు చెప్పవచ్చును. మన కచేరీలో గాయకుడు పాడిన స్వరమునే వయొలీను అనుసరించును. ఇరువురు ఒకే స్వరముపై నిలుతురు. వీరి పద్ధతిలో ఒక గిటారు షడ్జమమున నిలిచినచో, రెండవది అదే క్షణమున గాంధారమున నిలుచును. మొదటిది రిషభమునకు కదలినచో రెండవది మధ్యమమునకు కదలును. రెండు పక్షులు నడుమ ఎడము మారకుండ ఎగిరినట్లు, ఒకే వరుస రెండు మెట్లపై జంటగా సాగును. వీరికంటె ముందు విష్‌బోన్ ఆష్ అను ఇంగ్లండు బృందము దీనిని వాడియున్నది. కావున వీరే కనిపెట్టిరనుట అతిశయోక్తి. కాని ఈ జంటనడకను చిన్న పాటలలో ఇమిడ్చి, వీధిలో ఈలవేయదగిన వరుసగా చేసినవారు వీరు. దానికి తోడు డౌనీ డ్రమ్ములలో తిశ్రనడక తొణికిసలాడెడిది. ఐర్లాండు పల్లెలలో గంతులువేసి ఆడెడి జిగ్ నృత్యమునకు లయ అదియే. చర్మపురంగు చూచి ఫిలిప్‌ను పరాయివాడనువారు ఆ లయను వినినచో అతడు ఏ యూరివాడో తెలియును.

‘నైట్‌లైఫ్’ 1974లోను, ‘ఫైటింగ్’ 1975లోను వచ్చినవి. మొదటిదానియందు ఇంకను మెత్తదనమే హెచ్చు. రెండవదానిలో కండ పట్టినది. ‘ఫైటింగ్’ కాలముననే వెలువడిన యొక చిన్న రికార్డు వెనుకవైపున ‘హాఫ్ కాస్ట్’ అను పాట కలదు. సంకరజాతివాడని తన్ను పిలిచిన మాటనే అతడు పాటకు పేరు పెట్టినాడు. మఱల వెనుకవైపుననే! ఇట్టి పాటలు అతని జీవితమున ఎల్లప్పుడు రెండవ ముఖముననే అచ్చైనవి.

1976 మార్చి నెలలో ‘జెయిల్‌బ్రేక్’ విడుదలయ్యెను. అందలి ‘ది బాయ్స్ ఆర్ బ్యాక్ ఇన్ టౌన్’ ఇంగ్లండున ఎనిమిదవ స్థానము, అమెరికాలో పండ్రెండవ స్థానము పొందినది. ఊరు విడిచిపోయిన స్నేహితులు తిరిగివచ్చిన రాత్రిని వర్ణించు పాట యిది. ఇందు ఫిలిప్ పాడుటకంటె చెప్పుట హెచ్చు. తాళమునకు రవంత వెనుక నడచుచు, అరుగుమీద కూర్చుండి కథ చెప్పువానివలె మాటలను విఱుచును. 1974లోనే అతడు తన గేయములను పుస్తకముగా అచ్చువేయించెను. 1977లో రెండవది వెలువడెను. తన్ను తాను కవిగా భావించుకొనెను. అతని గేయములన్నియు కవిత్వమని నేననను. కొన్నింటిలో సినిమాల పౌరుషమే మెండు. కాని పాత్రను రెండుమాటలలో నిలబెట్టు నేర్పు అతనికుండెను. అదే ఆల్బము చివర ‘ఎమరాల్డ్’ అను పాట ఐర్లాండు పూర్వయుద్ధములను చెప్పును. అందు గిటారులు రెండును ఒండొంటిని సవాలు చేసికొనుచు పోరాడును. ఆల్బములకు అట్టలు గీసిన జిమ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ పురాతన కెల్టిక్ అల్లికలను ఆ బొమ్మలలోనికి తెచ్చెను. చే గువేరా ముఖమును ఎఱుపు నలుపులలో లోకమంతటికి పరిచయము చేసిన చిత్రకారుడు ఇతడే.

అమెరికా తలుపు తెఱచుకొన్న ఆ వేసవిలోనే ఫిలిప్‌కు కాలేయవ్యాధి సోకెను. యాత్ర రద్దయ్యెను. ఆసుపత్రి మంచముపై పండుకొని తరువాతి ఆల్బము ‘జానీ ది ఫాక్స్’ పాటలు వ్రాసెను. అది ఆ యేడే అక్టోబరులో వెలువడెను. రెండవమారు అమెరికాకు బయలుదేరనున్న తరుణమున రాబర్ట్‌సన్ లండను క్లబ్బులో తగవులాడి చేయి కోసికొనెను. ఆ యాత్రయు పోయెను. తలుపు రెండుమార్లు మూసుకొనిన తరువాత అమెరికా వీరికి మఱల అంతగా తెఱచుకొనలేదు. 1977 నాటి ‘బ్యాడ్ రెప్యుటేషన్’ అట్టపై ముగ్గురి బొమ్మలే యున్నవి; రాబర్ట్‌సన్ బొమ్మ లేదు. కాని అభిమానులలో అనేకులు ఆ ఆల్బమునే ఎక్కువగా మెచ్చుకొందురు.

ఇక 1978 నాటి ‘లైవ్ అండ్ డేంజరస్’ మాట. కచేరీలలో పాడినదానిని జంట రికార్డులుగా కూర్చిన ఈ ఆల్బము ఇంగ్లండున రెండవ స్థానము పొందినది. వేదికపై ఫిలిప్ ఎట్లుండెడివాడో తెలియవలెనన్న దీనినే వినవలెను. అతని గిటారుపై అద్దపు పలక బిగించియుండెడిది. దీపముల వెలుతురును దానితో సభికుల ముఖములపైకి త్రిప్పెడివాడు. చీకటిలో కూర్చున్నవాడు ఒక్కక్షణము తనపై వెలుగుపడి, ఈ వేలమందిలో నన్నే చూచినాడని పొంగిపోయెడివాడు. ఈ ఆల్బముపై వాదము ఇంకను చల్లారలేదు. దీనిలో చాలభాగము తరువాత స్టూడియోలో తిరిగి వాయించినదేయని నిర్మాత టోనీ విస్కాంటి చెప్పెను. కాదు, చాలభాగము కచేరీలో పలికినదేయని బృందమువారు ఖండించిరి. అభిమానులు రెండు పక్షములుగా చీలి, ఒక్కొక్క పాటను చెవియొగ్గి విని సాక్ష్యములు తెత్తురు. నా చెవికి మాత్రము, ఎచ్చట అతికించినను, అతుకు వేసినవారు వారే కనుక రసమునకు లోపము కనబడలేదు.

1979లో ‘బ్లాక్ రోజ్’ వచ్చినది. రాబర్ట్‌సన్ పోగా గ్యారీ మూర్ తిరిగి చేరియుండెను. పేరునకు మూలము ‘రోషీన్ దువ్’, అనగా నల్లగులాబి, అను పురాతన గేలిక్ గీతము. ఐర్లాండును పరదేశీయులు పాలించుచుండగా, కవులు దేశమాతను బహిరంగముగ కీర్తింపలేక, నల్లగులాబి యను ప్రియురాలిగా సంబోధించి పాడిరి. భరతమాత గీతములను పాడుకొనిన మనకు ఆ మర్మము వివరింపనక్కఱలేదు. ఇంచుమించు ఏడు నిమిషములు సాగెడి ఆ చివరిపాటలో ఊరి వరుసలను ఒకదానివెంట నొకటి గిటారులపై పరుగెత్తించిరి. వీరగాథల కుహులిన్ మొదలుకొని జాయిస్, యేట్స్, వైల్డ్ మున్నగువారి పేర్లను ఫిలిప్ పాటలో గ్రుచ్చెను. జిగ్గులను రాక్ సంగీతముతో కలిపిన ఘనత హార్స్‌లిప్స్ అను డబ్లిన్ బృందమునకు ముందే యున్నది. 1973 నాటి వారి ‘టాయిన్’ ఇందుకు సాక్షి. కాని ఆ కలయికకు ఇంతటి బలము తెచ్చినది ‘బ్లాక్ రోజ్’. నల్లని కుఱ్ఱవాడు నల్లగులాబిని తనదిగా పాడినప్పుడు, ఎవరును అతనిని నీకేమి హక్కని అడుగలేదు.

ఆ ఆల్బములోనే ‘సారా’ యను పాట మఱల కనబడును. ఇది వెనుకటి పాట కాదు. 1978 డిసెంబరులో అతనికి కూతురు పుట్టెను. అమ్మమ్మ పేరే పెట్టుకొని, పాటను సరికొత్తగా కట్టినాడు. అదే రికార్డున ‘గాట్ టు గివ్ ఇట్ అప్’ అను పాటయు నున్నది. మత్తుమందును మానవలెననుకొని మానలేని వాని పలవరింత అది. ఒకే రికార్డుపై కూతురు, వ్యసనము. అతడు తన గతిని తెలియనివాడు కాడు. తెలిసి పాటగా కట్టి, జనులచేత చప్పట్లు కొట్టించుకొని, మరల అదే త్రోవను నడచెను.

అటు తరువాతి కథ దిగుడుమెట్లు. 1979 జులైలో మూర్ అమెరికాయాత్ర నడుమనే విడిచిపోయెను. 1980లో ఫిలిప్ వివాహము చేసికొనెను. రెండవ కూతురు కలిగెను. ఆ యేడే వచ్చిన ‘చైనాటౌన్’లో, ఇంగ్లండున స్త్రీలను చంపుచున్న హంతకుడు ఇంకను దొరకకుండగా, తిరుగుచున్న హంతకుని గూర్చి అతడొక పాట విడుదల చేసెను. దానిపై వచ్చిన నింద న్యాయమైనదనియే నా యభిప్రాయము. ఆ సంవత్సరముననే వెలువడిన సొంత ఆల్బములో ‘ఓడ్ టు ఎ బ్లాక్ మ్యాన్’ కలదు. ఇన్నాళ్లకు నల్లవాని పాట ముందునకు వచ్చినది. 1981 ఆగష్టు 16వ తేదీన స్లేన్ కోటవద్ద జరిగిన మొదటి మహాకచేరీకి థిన్ లిజీ ప్రధాన బృందము; వారికి ముందు వాయించిన చిన్న బృందము యు2. ఆ కుఱ్ఱవాండ్రు ఆరేండ్లు తిరుగకమునుపే లోకప్రసిద్ధులైరి. థిన్ లిజీ ‘రెనిగేడ్’ మాత్రము ఆ యేడే వచ్చి, అమ్ముడుపోక నిలిచిపోయెను.

1983లో ఇంగ్లండున హెవీ మెటల్ గాలి బలముగా వీచుచుండెను. జాన్ సైక్స్ అను యువకుడు ఆ గాలిలో పెరిగినవాడు. అతడు చేరుటతో ‘థండర్ అండ్ లైట్నింగ్’ పిడుగువలె పడినది. వేగము, కర్కశత్వము, ఉక్కుధ్వని. ఇంగ్లండు పట్టికలో నాలుగవ స్థానమునకు ఎక్కెను. ఇది వారి కడపటి స్టూడియో ఆల్బము.

అభిమానుల కలహమంతయు ఇక్కడనే. థిన్ లిజీ హెవీ మెటల్ బృందమా, కాదా? మొదటి మూడు ఆల్బములను ప్రేమించువారు కాదందురు. వారికి ఎరిక్ బెల్ వెళ్లిన రాత్రియే సగము ఆత్మ పోయినది. ‘జెయిల్‌బ్రేక్’ పక్షమువారికి పాటలోని మనుష్యులే ముఖ్యము. సైక్స్ పక్షమువారు, వీరు పదేండ్లు నడచి చేరవలసిన చోటునకు చేరిరందురు. నేను నడిమి పక్షము వాడను. ‘థండర్ అండ్ లైట్నింగ్’ ఎంత బిగువుగ నున్నను, అందు ఫిలిప్ చెప్పుకొనుటకు చోటు తక్కువ. కథకునికి ఊపిరి తీసికొను వ్యవధి కావలెను. ‘ది సన్ గోస్ డౌన్’ అను నెమ్మది పాటలో మాత్రము పాత ఫిలిప్ కనబడును, అలసి. అయితే మెటల్ సంగీతము వీరికి ఋణపడియున్నదనుట నిర్వివాదము. ఐరన్ మెయిడెన్ జంటగిటారులలో వీరి నడక స్పష్టముగ వినబడును. 1988లో ఆ బృందము వీరి ‘మాసకర్’ పాటను రికార్డు చేసినది. 1992లో డబ్లిన్‌లో పుట్టిన క్రూవకన్ బృందము జానపదవాద్యములను మెటల్ ధ్వనితో ముడివేయుటకు, ‘ఎమరాల్డ్’, ‘బ్లాక్ రోజ్’ త్రోవ చదును చేసియుండెను.

1983 సెప్టెంబరు 4వ తేదీన జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఫిలిప్ థిన్ లిజీతో చివరిమారు పాడెను. గ్రాండ్ స్లామ్ అని వేఱొక బృందము పెట్టెను. రికార్డు సంస్థ ఏదియు ముందుకు రాలేదు. 1985 జులైలో లైవ్ ఎయిడ్ మహాకచేరీ జరిగెను. దానిని నడపిన ఇద్దఱును అతనికి పాతమిత్రులే. ఒకరు డబ్లిన్ వాడు. రెండవవాడు ఒకప్పుడు థిన్ లిజీలో గిటారు వాయించినవాడు. అతనికి పిలుపు రాలేదు. ఆ యేడే గ్యారీ మూర్‌తో కలిసి పాడిన ‘అవుట్ ఇన్ ది ఫీల్డ్స్’ ఇంగ్లండున అయిదవ స్థానము పొందినది. ఉత్తర ఐర్లాండు రక్తపాతమును గూర్చిన పాట అది. బెల్‌ఫాస్ట్ ప్రొటెస్టెంటు పేటలవైపునుండి ఒక గొంతు, డబ్లిన్ కాథలిక్ పేటనుండి ఒక గొంతు. విడిపోయి, తిట్టుకొని, మరల కలిసిన మిత్రులు వారు.

1985 క్రిస్‌మస్ నాడు ఫిలిప్ లండను సమీపమున తన యింట కుప్పకూలెను. మత్తుమందులచే శిథిలమైన దేహమున రక్తము విషమయమైయుండెను. సాల్జ్‌బరీ ఆసుపత్రిలో 1986 జనవరి 4వ తేదీన ఊపిరితిత్తుల వ్యాధిచేతను, గుండె ఆగుటచేతను మరణించెను. ముప్పదియారేండ్లు. తల్లి చెంతనే యుండెను.

అతనిని డబ్లిన్ సమీపమున సటన్‌లోని సెయింట్ ఫింటన్ శ్మశానవాటికలో సమాధి చేసిరి. మరుసటి యేడు మొదలుకొని జనవరి 4వ తేదీన డబ్లిన్‌లో అతని స్మృతికై కచేరీలు జరుపసాగిరి. 2019లో, అతనికి డెబ్బదేండ్లు నిండవలసిన యేట, ఐర్లాండు కేంద్రబ్యాంకు అతని పేర వెండినాణెమును ముద్రించినది. తల్లి ఫిలోమినా ఆ సముద్రతీరముననే, కుమారుడు కొనియిచ్చిన యింట, ముప్పది యేండ్లకు పైగా జీవించెను. లోకపు నలుమూలలనుండి వచ్చిన అభిమానులకు తేనీరు పోసి కథలు చెప్పెడిది. 1995లో కుమారునిపై పుస్తకము వెలువరించెను. ఏ బిడ్డను ఎత్తుకొని వీధిలో నడచినందుకు నగరము తలత్రిప్పుకొనెనో, ఆ బిడ్డ విగ్రహమును అదే నగరపు నడివీధిలో ఆమె కన్నులార చూచెను. 2019 జూన్ 12వ తేదీన, ఎనుబదియెనిమిదవ యేట మరణించెను. ఆమెను ఫిలిప్ ప్రక్కనే పాతిపెట్టిరి.